ఉప్పు కుళ్ళదు

1791–93 కరువు ఉత్తర సర్కారులను ఊడ్చేసింది. అప్పుడు సామర్లకోటలో ఉంటూ ఈస్టిండియా కంపెనీవారి మిరియాల తోట చూసుకుంటున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, ఒక ఆకుకూర గురించి రాస్తూ ఈ కరువు మాట ఎత్తాడు. సముద్రం ఒడ్డున బతికే పేదవాళ్ళు అది దొరికినన్నాళ్ళూ దాదాపు దానితోనే కడుపు నింపుకున్నారనీ, వేల ప్రాణాలను ఆ ఒక్క కూరే నిలబెట్టిందనీ రాశాడు. ఆ కూర పేరు ఇలకూర. ఉప్పునేలల్లో, పరవలు ఎండిన చోట, గోరంత పొడవుండే గుండ్రటి కండ ఆకులతో గుబురుగా పెరుగుతుంది. శాస్త్రజ్ఞులకు అది సుయేడా మారిటిమా. చెన్నై పరిసరాల్లో తమిళులు దీన్నీ, దీని దగ్గరి చుట్టాలనీ కలిపి ఉమరి అంటారు.

అదే రాక్స్‌బర్గ్ అదే తీరంలోని ఈ కుటుంబపు మొక్కల గురించి ఇంకో లెక్క కూడా వేశాడు. ఇలకూర, కొయ్యలు అనే మరో ఉప్పునేల మొక్క, వాటి చుట్టాలు కోరమాండల్ తీరం పొడవునా ఎంత విస్తారంగా ఉన్నాయంటే, వాటిని కోసి, ఎండబెట్టి, కాల్చి బూడిద చేస్తే ప్రపంచం మొత్తానికి సరిపడా సబ్బూ గాజూ తయారుచేసే సోడా దొరుకుతుందన్నాడు. ఆ వ్యాపారం ఇక్కడ ఊపందుకోలేదు. 1791లోనే ఫ్రాన్సులో నికొలా లెబ్లాం మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. దాంతో మొక్కల బూడిదకు గిరాకీ మెల్లగా పడిపోయింది. మనకు కావలసింది ఆ వ్యాపారం కాదు, దాని వెనకున్న కిటుకు. మొక్కలో ఉన్నదంతా కాలిపోయాక కూడా సోడియం అలాగే మిగిలింది. అందుకే బూడిదకు విలువ వచ్చింది.

కంపోస్టు దిబ్బ ఇదే పని తాపీగా చేస్తుంది. పొయ్యిలో కాలినా, దిబ్బలో కుళ్ళినా ఆకులోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. నీరు ఆవిరవుతుంది. నత్రజనిలో కొంత అమోనియాగా ఎగిరిపోతుంది. సోడియానికీ క్లోరైడుకీ మాత్రం గాలిలోకి పోయే దారి లేదు. అవి దిబ్బను విడిచిపెట్టాలంటే నీళ్ళతో పాటు కిందికి జారాలి, అంతే. పది కిలోల పచ్చి తుక్కు నాలుగు నెలల్లో రెండు మూడు కిలోల నల్లటి ఎరువు అవుతుంది కదా, ఉప్పు మాత్రం మొదట ఎంత ఉందో చివరికీ అంతే. అంటే దిబ్బ కుంగే కొద్దీ ఎరువు చిక్కని ఉప్పుటెరువు అవుతుంది. మిద్దెతోటలో ఉమరి, వంగరెడ్డికూర లాంటి ఉప్పునేల మొక్కలు పెంచుకుని, కోసిన కాడలను మిగతా వంటింటి తుక్కుతో పాటు కుండలో వేసేవాళ్ళు ముందుగా గమనించుకోవలసింది ఇది.

చెన్నైలో ఈ మొక్కల కోసం దూరం పోనక్కర్లేదు. ముట్టుకాడు కయ్య, కోవళం, ఎన్నూరు, ఇంకా ఉత్తరాన తడ–సూళ్ళూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సు అంచులు వీటి సొంతిళ్ళు. పులికాట్‌ను అక్కడి తెలుగువాళ్ళు ప్రళయకావేరి అంటారు. ఇసుకలో ఎర్రటి కాడలతో పాకే వంగరెడ్డికూర (సెసువియం) చిన్న కొమ్మ గుచ్చితే చాలు, కుండీలో అల్లుకుపోతుంది. ఆకు కొరికితే ముందు ఉప్పు, తర్వాత కొంచెం పులుపు. తరమణిలో 1988లో మొదలైన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఇలాంటి ఉప్పునేల మొక్కలను పోగుచేసి వేదారణ్యంలో ఒక జన్యు ఉద్యానవనమే పెట్టింది. తీరంలో సముద్రం చొచ్చుకొచ్చే రోజులకు ఇవి పంటలుగా పనికొస్తాయేమోనన్న ఆశ దాని వెనకుంది. ఒక్క హెచ్చరిక: ఎన్నూరు కయ్యలోనో, కూవం, అడయారు నదులు సముద్రంలో కలిసే చోట్లలోనో కోసుకొచ్చిన ఆకు తినకూడదు, కుండీకీ వేయకూడదు. ఈ మొక్కలు ఉప్పుతో పాటు సీసం, కాడ్మియం లాంటి బరువు లోహాలనూ పీల్చి దాచుకుంటాయి. కుళ్ళని వస్తువుల జాబితాలో అవి ఉప్పు కన్నా పైన ఉంటాయి. శుభ్రమైన చోటు నుంచి ఒక కొమ్మ తెచ్చి ఇంట్లో పెంచుకోవడమే మేలు.

ఇంతకీ ఉప్పును ఎక్కడ పెట్టుకుంటాయి ఇవి? ప్రతి ఆకు కణం మధ్యలో నీటి సంచి లాంటి రిక్తిక ఉంటుంది. వేరు లాగిన సోడియాన్ని ఆ సంచిలోకి తోసి తాళం వేస్తుంది మొక్క. బయట మిగిలే జీవద్రవ్యం ఉప్పు తగిలితే పాడవుతుంది కాబట్టి, అక్కడ నీరు నిలవడానికి ఉప్పుకు బదులు గ్లైసీన్ బీటైన్, ప్రోలీన్ అనే నత్రజని పదార్థాలను నింపుకుంటుంది. ఈ ఏర్పాటుకు రెండు పర్యవసానాలు ఉన్నాయి, రెండూ తోటమాలికి సంబంధించినవే. పచ్చి ఆకును ఎంతసేపు నీళ్ళలో నానబెట్టినా ఉప్పు పెద్దగా దిగదు, సంచులు బిగిసే ఉంటాయి కనుక. ఆకు చచ్చాక, అంటే ఉడికాకో వాడి ఎండాకో, పొరలు చిట్లి ఉప్పంతా బయటికి వస్తుంది. నీళ్ళ క్యాన్లు పరీక్షించడానికి చెన్నైలో చాలా ఇళ్ళలో ఉండే టీడీఎస్ పెన్నుతో ఇది కళ్ళారా చూడొచ్చు. గ్లాసెడు ఆర్వో నీళ్ళలో పిడికెడు తాజా వంగరెడ్డికూర వేసి పది నిమిషాల తర్వాత పెన్ను ముంచండి, అంకె కొద్దిగానే కదులుతుంది. అదే ఆకును మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి తీసి, ఆ నీళ్ళు చల్లారాక ముంచితే అంకె వేలల్లోకి పోతుంది.

రెండో పర్యవసానం వాసన. బీటైన్ సూక్ష్మజీవులకు ఇష్టమైన ఆహారం. గాలి ఆడకుండా తడిసి ముద్దయిన తుక్కులో అది విరిగి ట్రైమెథైలమీన్ అవుతుంది. చేపల నీచు వాసనకు కారణం ఈ వాయువే. మైలాపూరులో ఏ శాకాహారుల అపార్ట్‌మెంటు మిద్దె మీదో మూతబెట్టిన డ్రమ్ములో రెండు కిలోల ఉమరి కుక్కితే, మూడో రోజుకి కింది వాటా మామీ పైకొచ్చి ఎండుచేపలు ఎవరు ఆరబెట్టారని అడగడం ఖాయం. ఈ మొక్కలు 90 శాతం దాకా నీరే కాబట్టి ముద్దవడానికి ఎంతోసేపు పట్టదు. ఒక వంతు కూరకు కనీసం రెండు వంతుల ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు కలిపి, డ్రమ్ముకు చిల్లులు ఉంచితే ఈ గొడవ రాదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కిలో పచ్చి ఉమరి ఎండబెడితే దాదాపు వంద గ్రాములు మిగులుతుంది. ఉప్పునేలలో పెరిగిన మొక్కయితే ఆ ఎండు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉప్పే. తక్కువలో తక్కువ 30 గ్రాములు అనుకుందాం, అంటే అయిదు చెంచాల ఉప్పు. ఆ కిలో ఉమరి కుళ్ళిన ఎరువంతా 20 లీటర్ల కుండీ ఒక్కదానికే వేశారనుకోండి. నిండా తడిసిన 20 లీటర్ల మట్టిలో సుమారు 8 లీటర్ల నీరు నిలుస్తుంది. 30 గ్రాములను 8 లీటర్లలో కరిగిస్తే లీటరుకు పావు తక్కువ నాలుగు గ్రాములు. నేల శాస్త్రవేత్తలు ఉప్పును తూచరు, నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తారు. ఆ కొలతలో ఇది మీటరుకు సుమారు 6 డెసిసీమెన్లు. అమెరికాలో రివర్‌సైడ్‌లోని లవణీయత ప్రయోగశాల 1954లో వేసిన చేతిపుస్తకం ప్రకారం 4 దాటితే అది చవుడు నేల.

అదే ప్రయోగశాలకు చెందిన మాస్, హాఫ్‌మన్ ఇద్దరూ 1977లో ఏ పంట ఎంత ఉప్పు దాకా ఓర్చుకుంటుందో, ఆ పైన ఒక్కో డెసిసీమెనుకు దిగుబడి ఎంత తగ్గుతుందో పట్టిక వేశారు. బీన్స్‌కు హద్దు 1, ఆ తర్వాత ప్రతి డెసిసీమెనుకు 19 శాతం నష్టం. మన కుండీలో వేస్తే నూటికి 95 వంతులు పోయినట్టే. ఉల్లికి హద్దు 1.2, మిరపకు 1.5. మిరపకు 6 దగ్గర అరవై శాతానికి పైగా పోతుంది. టమాటా కొంచెం గట్టిది, హద్దు 2.5, మూడో వంతు కాపు తగ్గి ఊరుకుంటుంది. బీట్‌రూట్ 4 దాకా చలించదు. తర్వాతి పట్టికల్లో చేరిన పావిలికూరకైతే హద్దు 6.3, దానికి మన కుండీ పట్టించుకోవలసిన విషయమే కాదు. ఇదంతా మంచినీళ్ళు పోస్తేనే సుమా. తిరువాన్మియూరు బోరునీళ్ళో, ఆర్వో మిషను వదిలే వ్యర్థజలమో పోసే వాళ్ళు ఆ ఉప్పును కూడా కలుపుకోవాలి.

దీనికి ఇంకో వైపు కూడా చెప్పకపోతే భయపెట్టినట్టవుతుంది. పై లెక్క కుండీకి. నేల మీద తోట ఉన్న ఇంట్లో, పది చదరపు మీటర్ల మడికి అదే 30 గ్రాములు చదరపు మీటరుకు 3 గ్రాములవుతాయి. చెన్నైలో ఏటా కురిసే వాన సుమారు 1400 మిల్లీమీటర్లు, అందులో సగానికి మించి అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవనాలలోనే. జానెడున్నర లోతు మట్టిని అంత వాన కడిగితే మిగిలేది ఉండదు. 2004 డిసెంబరు 26 సునామీకి నాగపట్నం జిల్లాలో ఉప్పు పేరుకున్న ఇసుక పొలాలు తర్వాతి వానలకే చాలావరకు తేరుకున్నాయి. బంకమట్టి పొలాలకు ఎక్కువ కాలం పట్టింది. కుండీలకు వచ్చిన చిక్కు ఏమిటంటే, మట్టి తక్కువ, పైగా మిద్దె మీద నీళ్ళు కారకుండా అడుగున పళ్ళెం పెడతాం. దిగిన ఉప్పు పళ్ళెంలో చేరి మళ్ళీ పైకి పీల్చుకుపోతుంది. వానాకాలం మూడు నెలలూ ఆ పళ్ళేలు తీసేస్తే సగం పని అయినట్టే.

తమిళనాడులోనే జరిగిన ఒక పరిశోధన ఈ వ్యవహారాన్ని నేరుగా తేల్చి చెబుతుంది. చిదంబరం దగ్గర అన్నామలై విశ్వవిద్యాలయంలో కె.సి. రవీంద్రన్, సహచరులు చవుడు నేలల్లో కొన్ని ఉప్పు మొక్కలను పెంచి, అవి నేలనుంచి ఎంత ఉప్పు తోడుకుంటాయో కొలిచి 2007లో ప్రచురించారు. నాలుగు నెలల్లో హెక్టారుకు ఇలకూర 504 కిలోల ఉప్పును, వంగరెడ్డికూర 474 కిలోల ఉప్పును తమలోకి లాక్కోగలవని తేల్చారు. చదరపు మీటరుకు యాభై గ్రాములన్న మాట. చవిటి నేలను మాగాణిగా మార్చుకోవడానికి ఇది చవకైన దారి. కానీ ఆ దారిలో ఒక షరతు ఉంది: పెరిగిన మొక్కను కోసి పొలం దాటించాలి. అక్కడే కుళ్ళబెట్టి అక్కడే చల్లితే నాలుగు నెలల శ్రమ తిరిగి మట్టిలోకే పోతుంది. పెరటి తోటమాలి మంచి ఉద్దేశంతో చేసేది సరిగ్గా ఆ పొరపాటే. ఏ తుక్కునూ గడప దాటనివ్వకూడదన్నది కంపోస్టు ప్రేమికుల నియమం. కార్పొరేషను లారీ ఎక్కి పెరుంగుడి, కొడుంగయ్యూరు గుట్టలకు పోయే చెత్త తగ్గాలంటే అది మంచి నియమమే. ఉప్పు విషయంలో మాత్రం ఆ నియమానికి మినహాయింపు ఇవ్వాలి. ఉప్పు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. ఎక్కడికన్నది దిబ్బ వేయక ముందే తేల్చుకోవాలి.

సులువైన చోటు వంటింటి సింకే. ఉమరి తినే తీరగ్రామాల వాళ్ళు ముందు దాన్ని ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, పిండి, తర్వాతే పెసరపప్పుతోనో కొబ్బరితోనో వండుతారు. రుచి కోసం చేసే ఆ పని కంపోస్టుకు కూడా చెయ్యొచ్చు. ముదురు కాడలు, తీసేసిన ఆకులు ఏమున్నా వాటి మీద ఒక గిన్నెడు మరిగే నీళ్ళు పోసి, పది నిమిషాలుంచి, నీళ్ళు వంపేస్తే ఉప్పులో చాలా భాగం పోతుంది. గ్యాసు దండగ అనుకుంటే రెండు మూడు రోజులు మిద్దె మీద ఎండలో పరచి, గలగలమన్నాక బకెట్టు నీళ్ళలో ముంచి తీయండి. ఎండ చంపిన కణంలో తాళాలు ఉండవు. ఆ నీళ్ళు పెరట్లో కొబ్బరిచెట్టు ఉంటే దాని పాదులో పోయవచ్చు. కొబ్బరికి క్లోరైడు నిజంగానే ఆహారం. పాదులో కల్లుప్పు వేసే పాత అలవాటు ఉత్త మూఢనమ్మకం కాదు.

అలా కుదరక, కుళ్ళడం మొదలయ్యాక గుర్తొచ్చిందా, ఇంకో అవకాశం ఉంది. చిల్లుల బకెట్టులో ఉన్న ఎరువు మీద ఆ బకెట్టెడే నీళ్ళు కొంచెం కొంచెంగా పోయాలి. మట్టి ఎంత లోతుందో అంత లోతు నీరు దాని గుండా దిగితే నూటికి ఎనభై వంతుల ఉప్పు పోతుందన్నది నేల శాస్త్రంలో పాత అంచనా. సగం లోతు నీళ్ళకు సగం ఉప్పు పోతుంది. అయితే ఎప్పుడు కడగాలన్నది ముఖ్యం. ఎరువు పూర్తిగా పండాక నత్రజని నైట్రేటు రూపంలోకి మారి ఉంటుంది. అదీ ఉప్పులాగే నీటిలో కరిగి జారిపోతుంది. మొదటి వారం పది రోజుల్లో ఆకులు మెత్తబడి ఉప్పు బయటికి వచ్చి ఉంటుంది, నత్రజని మాత్రం ఇంకా ప్రోటీన్లలో, సూక్ష్మజీవుల ఒంట్లో చిక్కుకునే ఉంటుంది. అప్పుడు కడిగితే ఉప్పు పోతుంది, ఎరువు సారం చాలావరకు నిలుస్తుంది. పొటాషు ఎప్పుడు కడిగినా కొంత పోతుంది, దానికి అరటితొక్కలు ఉన్నాయి. వానపాములను వదలడం ఇదంతా అయ్యాకే. వాటి చర్మమే వాటి ఊపిరితిత్తి. కిలో మట్టికి అయిదారు గ్రాముల ఉప్పుంటే సగం వానపాములు చస్తాయి, అంతకు చాలా ముందే మిగతావి డబ్బా గోడలెక్కి పారిపోతాయి.

కడిగినా కొంత సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని ఉండిపోతుంది. చెరువుమట్టి వాడిన కుండీల్లో ఇది బాగా కనిపిస్తుంది. కాల్షియం మట్టి రేణువులను గుత్తులుగా కట్టి ఉంచుతుంది, సోడియం ఆ గుత్తులను విడదీస్తుంది. తడిస్తే జిగురు, ఆరితే పెంకు, నీళ్ళు పోస్తే పైనే నిలబడతాయి. దీనికి మందు జిప్సం. ఎరువుల కొట్లో చవకగా దొరుకుతుంది. కుండీకి రెండు చెంచాలు పైన చల్లి, కలిపి, తర్వాత నీళ్ళతో కడగాలి. కాల్షియం వచ్చి సోడియాన్ని లేపుతుంది, నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మానేసినా ఫలితం ఉండదు. కోడిగుడ్డు పెంకుల పొడి ఇదే పని చేస్తుందని తోటల వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. పెంకులోనిది సున్నపురాయి. చెన్నైలోని క్షార గుణం గల మట్టిలో, నీటిలో అది కరగడానికి ఏళ్ళు పడుతుంది.

ఎరువు తయారయ్యాక కొలిచే పద్ధతి మన ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పెట్టినదే, ఇంట్లో చేసుకోగలిగినదే. 20 గ్రాముల ఎరువును 100 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్ళలో గంటసేపు కలుపుతూ ఉంచి, పాత పంచె గుడ్డలో వడకట్టి, పెన్ను ముంచాలి. నగర కంపోస్టుకు ఉత్తర్వు పెట్టిన పైహద్దు 4 డెసిసీమెన్లు. టీడీఎస్ పెన్నుల్లో చాలావాటి మీద అది 2000 దగ్గర కనబడుతుంది. నీళ్ళకు ముందే ఉన్న అంకెను అందులోంచి తీసేయాలి. ఈ అంకె అయిదింతల నీళ్ళలో పలచన చేసినది కాబట్టి మాస్, హాఫ్‌మన్ల పట్టికతో నేరుగా పోల్చకూడదు. అసలు ఎరువు ఇంకా ఘాటుగా ఉంటుంది. 2000 చూపించిన ఎరువును ఒకటికి నాలుగు వంతుల మట్టితో కలిపే వాడాలి. పెన్ను లేని వాళ్ళు ఆ కలిపిన మట్టిలో పది బీన్స్ గింజలు నాటి చూడొచ్చు. కూరగాయల్లో ఉప్పుకు అన్నిటికన్నా ముందు లొంగేది అదే. పది రోజుల్లో మొలవకపోయినా, మొలిచి ఆకు అంచులు మాడినా ఆ మట్టి మిరపకు పనికిరాదు.

ఇలా పరీక్ష పెట్టడం మొదలెట్టాక ఉమరి ఒక్కటే దోషి కాదని తెలుస్తుంది. మిద్దెతోటల్లో అందరూ వాడే కోకోపీట్ ఇటుకలదీ ఇదే కథ. ఉప్పుకయ్యల్లో నానబెట్టిన కొబ్బరి డొక్కల నుంచి వచ్చిన పొట్టు సోడియాన్ని మోసుకొస్తుంది, కడగకుండా అమ్మిన ఇటుక నానబెట్టిన మొదటి నీళ్ళలో పెన్ను ముంచితే చాలు. ఆవకాయ జాడీ కడిగిన నీళ్ళు, ఊరమిరపకాయల తొడిమలు, మిగిలిపోయిన అప్పడాలు, ఊరగాయ ముక్కల టెంకలు కంపోస్టు కుండలోకి అలవాటుగా చేరుతూనే ఉంటాయి. చెంచాడు ఊటలో ఉన్న ఉప్పు కూడా ఎరువులోనే మిగిలిపోతుంది.

అన్నీ చేశాక కూడా ఉప్పగానే మిగిలిన ఎరువును పారేయనక్కర్లేదు, దాన్ని కోరుకునే మొక్కలకు వేస్తే సరి. ఇలకూర, పాలకూర, బీట్‌రూట్ మూడూ ఒకే కుటుంబం. బీట్‌రూట్ పూర్వీకులు ఐరోపా సముద్రపు ఒడ్డున పెరిగే అడవి మొక్కలు. ఇంగ్లండు రైతులు చక్కెర బీటు పొలాలకు ఇప్పటికీ ఉప్పు చల్లుతారు. వీటితో పాటు పావిలికూర కుండీ, కొబ్బరి పాదు ఉంటే సరిపోతుంది. మొదట ఉప్పు తోడుకున్న వంగరెడ్డికూర కుండీకే తిరిగి వేసినా తప్పులేదు, దాని ఉప్పు దానికే పోతుంది. అయితే ఆ కుండీలోంచి కారే నీళ్ళ గొట్టం పక్కనున్న బెండకాయ మడి వైపు తిరిగి లేదని చూసుకోవాలి.